మందం ఒక్కటే, ధర వేరు: ఉక్కు రేకు లోపల ఏమున్నది?

ఉక్కు రేకుల వ్యాపారంలో ఒక చిక్కు తరచుగా ఎదురవుతుంది. ఒకే గోడౌనులో రెండు కాయిల్సు పక్కపక్కన ఉంటాయి. రెండూ కోల్డ్ రోల్డ్ సరుకే. రెండింటి మందం 1 మి.మీ. మెరుపులో తేడా లేదు, వెడల్పులో తేడా లేదు. ఐనప్పటికీ ఒకదాని ధర టన్నుకు రెండవదానికంటే ఎక్కువ పలుకుతుంది. వ్యాపారంలోకి కొత్తగా వచ్చినవారు ఇది మిల్లు పేరును బట్టి వచ్చిన తేడా అనుకుంటారు. తక్కువ ధర సరుకును ఎక్కువ ధర సరుకు స్థానంలో పంపితే నాలుగు డబ్బులు మిగులుతాయని ఆశించేవారు కూడా లేకపోలేదు.

ఆ ఆశ ఎంత ఖరీదైనదో సరుకు ప్రెస్సు కిందికి వెళ్లిన తరువాత తెలుస్తుంది. లోతుగా సాగవలసిన రేకు మూలల వద్ద చిట్లుతుంది. లేదా చిట్లకపోయినా పైన చారలు తేలి, రంగు వేసినా దాగవు. కొనుగోలుదారు సరుకు వాపసు చేయడమే గాక పాడయిన ముక్కలకు, ఆగిపోయిన యంత్రానికి, కూలికి కలిపి డెబిట్ నోటు పంపుతాడు. టన్నుకు కొద్దిపాటి లాభం మీద నడిచే ఈ వ్యాపారంలో ఒక లారీ సరుకు వెనక్కు వస్తే అనేక లారీల మీద వచ్చిన లాభం హరించుకుపోతుంది.

1992 జనవరిలో ఉక్కు ధరలపై, పంపిణీపై ప్రభుత్వ అదుపు తొలగింది. అంతకు ముందు 1964లో ఏర్పడిన జాయింట్ ప్లాంట్ కమిటీ ప్రకటించిన ధరకు దొరికిన సరుకు దొరికినట్లు అమ్ముడుపోయేది. అదుపు పోయిన తరువాత గ్రేడుకూ గ్రేడుకూ మధ్య ఉండే ధర తేడాయే వర్తకుని లాభనష్టాలను నిర్ణయిస్తున్నది. కనుక ఆ తేడా దేనివలన వస్తుందో తెలుసుకొనుట లోహశాస్త్రజ్ఞుల పని మాత్రమే అని ఊరుకొనుటకు వీలులేదు. రేకు ధర దాని మందంలో లేదు, దాని చరిత్రలో ఉన్నది. ఏ ధాతువులు ఎంత కలిపారు, ఎంత వేడిలో సాగదీశారు, ఎట్లా చల్లార్చారు అన్నదే ఆ చరిత్ర.

దానిమ్మ గింజల వంటి రేణువులు

ఉక్కు పైకి ఒకే ముద్దలా కనిపిస్తుంది. కాని చిన్న ముక్కను అద్దంలా నున్నగా అరగదీసి, నైట్రిక్ ఆమ్లం కొద్దిగా కలిపిన స్పిరిటుతో తడిపి సూక్ష్మదర్శినిలో చూస్తే, దానిమ్మ కాయలో గింజలు ఒకదానినొకటి ఒత్తుకొని ఉన్నట్లు రేణువులు కనిపిస్తాయి. మామూలు మెత్తని రేకులో ఒక్కొక్క రేణువు 10 నుంచి 20 మైక్రాన్ల వరకు ఉంటుంది. అనగా 1 మి.మీ. మందంలో 50 నుంచి 100 రేణువులు వరుసగా పేర్చినట్లు ఉంటాయి. ఈ అమరికనే సూక్ష్మ నిర్మాణం అంటారు.

రేణువులు ఎంత చిన్నవైతే ఉక్కు అంత బలంగా ఉంటుంది. ఒక రేణువు లోపల మొదలైన జారుడు పక్క రేణువు సరిహద్దు వద్ద ఆగిపోవడమే ఇందుకు కారణం. బ్రిటన్‌లో హాల్ 1951లో, పెచ్ 1953లో ఈ సంబంధాన్ని లెక్క కట్టి చూపారు. బలం పెంచే ఇతర పద్ధతులలో సాధారణంగా రేకు పెళుసవుతుంది. రేణువును చిన్నది చేస్తే మాత్రం బలం, గట్టిదనం రెండూ పెరుగుతాయి. ఐతే బలం పెరిగిన కొద్దీ ప్రెస్సులో సాగే గుణం తగ్గుతుంది గనుక, మెత్తగా సాగవలసిన రేకుకు రేణువు మరీ చిన్నదిగా ఉండరాదు. మరీ పెద్దదైతే సాగదీసిన చోట పైభాగం నారింజ తొక్కలా గరుకు తేలుతుంది. ఏ పనికి ఎంత రేణువు అన్నదే మిల్లుల నైపుణ్యం.

రేణువులన్నీ ఒక్క జాతివి కావు. మెత్తగా సాగే రేణువును ఫెర్రైట్ అంటారు. ఇది దాదాపు స్వచ్ఛమైన ఇనుము. కర్బనాన్ని ఇది ఇముడ్చుకోలేదు. 727 డిగ్రీల వేడిలో కూడా దీనిలో కరిగేది 0.02 శాతమే. మిగిలిన కర్బనం ఇనుముతో కలిసి గట్టి కార్బైడుగా ఏర్పడుతుంది. ఫెర్రైట్ పొరలు, కార్బైడు పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చుకొని ఉండే రేణువును పెర్లైట్ అంటారు. ఉక్కును సుమారు 900 డిగ్రీలకు వేడిచేసినప్పుడు అది ఆస్టెనైట్ అనే వేరొక రూపం పొందుతుంది. ఈ రూపంలో కర్బనం బాగా కరుగుతుంది. దానిని నిదానంగా చల్లార్చితే మళ్లీ ఫెర్రైట్, పెర్లైట్ వస్తాయి. గభాలున చల్లార్చితే కర్బనం తప్పించుకొనే వ్యవధి లేక, మార్టెన్సైట్ అనే అతి గట్టి రూపం వస్తుంది.

బెల్లం ఒక్కటే ఐనా తీగపాకానికీ ముదురుపాకానికీ తేడా ఉన్నట్లు, రసాయన విశ్లేషణ ఒక్కటే ఐనా వేడి, చల్లార్పు మారితే రేకు వేరే సరుకు అవుతుంది. కేవలం విశ్లేషణ కాగితం చూసి గ్రేడు నిర్ణయించరాదని అనుభవజ్ఞులు చెప్పడానికి కారణం ఇదే.

టన్నుకు గ్రాముల లెక్క

రేకు ఉక్కులో కలిపే ధాతువుల పరిమాణం చూస్తే వర్తకులకు ఆశ్చర్యం కలుగుతుంది. శాతాలను గ్రాములలోకి మారిస్తే సంగతి స్పష్టమవుతుంది. 0.05 శాతం కర్బనం అంటే టన్ను ఉక్కులో అర కిలో. 0.03 శాతం నయోబియం అంటే టన్నుకు 300 గ్రాములు. 0.003 శాతం బోరాన్ అంటే టన్నుకు 30 గ్రాములు మాత్రమే. ఈ చిటికెడులోనే ధర తేడా ఇమిడి ఉన్నది.

కర్బనం పెరిగితే బలం పెరుగుతుంది, సాగుడు తగ్గుతుంది, వెల్డింగు కష్టమవుతుంది. అందువలన సాగే గ్రేడు పైకి పోయిన కొద్దీ కర్బనం హద్దు కిందికి దిగుతుంది.

మాంగనీసు చేసే పనులు రెండు. మొదటిది, గంధకాన్ని పట్టి కట్టివేయడం. మాంగనీసు లేకుంటే గంధకం ఇనుముతో కలిసి రేణువుల సరిహద్దులలో చేరి, ఎర్రగా కాలిన ఉక్కును రోలింగులోనే చీల్చివేస్తుంది. రెండవది, ఆస్టెనైట్ మారే వేడిని కిందికి దించి రేణువును చిన్నది చేయడం. ఈ ధాతువుతో తెలుగువారికి పాత బంధుత్వం ఉన్నది. మన దేశంలో మాంగనీసు ఖనిజం తవ్వకం 1890 దశకంలో విజయనగరం ప్రాంతంలోనే మొదలయింది.

ఐతే మాంగనీసు, గంధకం కలిసిన మలినాలు రోలింగులో దారాల వలె సాగి, రేకు నడిచిన దిశలోనే పడుకొంటాయి. మడత గీత ఆ దిశకు సమాంతరంగా వస్తే రేకు తేలికగా పగులుతుంది, అడ్డంగా వస్తే పగలదు. ఒకే కాయిల్ నుంచి కోసిన ముక్కలలో కొన్ని పగిలి కొన్ని నిలవడానికి చాలాసార్లు ఇదే కారణం. సరుకును నిందించే ముందు ముక్క ఏ దిశలో కోశారో చూడవలసి ఉంటుంది. గంధకం తక్కువగా ఉంచి, కాల్షియంతో శుద్ధి చేసిన ఉక్కులో ఈ మలినాలు గుండ్రంగానే నిలుస్తాయి గనుక ఈ బాధ తక్కువ.

భాస్వరం కొద్దిగా ఉంటే రేకుకు మంచి బలం ఇస్తుంది, హద్దు మీరితే పెళుసు చేస్తుంది. సిలికాన్ కూడా బలం ఇచ్చేదే. కాని తయారైన వస్తువును కరిగిన జింకు తొట్టిలో ముంచే పనికి సుమారు 0.04 నుంచి 0.12 శాతం సిలికాన్ ఉన్న ఉక్కు పనికిరాదు. జింకు పూత మితిమీరి మందమై, మెరుపు లేక బూడిద రంగు తేలి, పెచ్చులూడుతుంది. గాల్వనైజింగు వారికి హాట్ రోల్డ్ సరుకు అమ్మేవారు సర్టిఫికెట్‌లో సిలికాన్ అంకెను ముందుగా చూడడం మంచిది.

అల్యూమినియం కలిపితే ఉక్కులోని ఆమ్లజని పోతుంది. దీనినే కిల్డ్ ఉక్కు అంటారు. దీని రెండవ మేలు ఇంకా విలువైనది. ఇది నత్రజనిని పట్టి ఉంచుతుంది. రేకు నిలవలో గట్టిపడకుండా ఉండటానికి, లోతుగా సాగటానికి ఇది ఆధారం. వెనుకటి కాలంలో డ్రాయింగ్ రేకుకు ఎక్కువగా వాడిన రిమ్మింగ్ ఉక్కులో ఈ సదుపాయం లేదు. నిరంతర పోత పద్ధతి వచ్చిన తరువాత, ఆ పద్ధతికి సరిపడని రిమ్మింగ్ ఉక్కు వెనుకబడి, కిల్డ్ ఉక్కు దాని స్థానాన్ని ఆక్రమించింది.

టైటానియం, నయోబియం ఖరీదైనవి. ప్రపంచానికి కావలసిన నయోబియంలో సుమారు పదింట తొమ్మిది వంతులు ఒక్క బ్రెజిల్ దేశం నుంచే వస్తుంది. ఇవి కర్బనాన్ని, నత్రజనిని సన్నని కణాలుగా కట్టివేస్తాయి. ఆ కట్టివేతను మెత్తదనానికీ వాడుకోవచ్చు, బలానికీ వాడుకోవచ్చు. ఏది వస్తుందో నిర్ణయించేది రోలింగు, వేడి.

మిల్లులో రేకు ప్రయాణం

మొదటి మజిలీ హాట్ రోలింగ్. సుమారు 1200 డిగ్రీలకు కాలిన స్లాబు పలుచబడి, చివరి స్టాండు దాటే సమయానికి 900 డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి. అంతకంటే బాగా చల్లారిన స్థితిలో రోలింగు ముగిస్తే, పై పొరలో ముతక రేణువులు, లోపల సన్న రేణువులు ఏర్పడి సరుకు మిశ్రమమవుతుంది.

తరువాత నీటి జల్లులతో చల్లార్చి కాయిల్‌గా చుడతారు. చుట్టే వేడి ఎంత అన్నది రేకు భవిష్యత్తును నిర్ణయిస్తుంది. తరువాత గంటల తరబడి ఎనీలింగ్ చేయదలచిన కిల్డ్ రేకును 600 డిగ్రీలకు దిగువన చుడతారు. అప్పుడు అల్యూమినియం, నత్రజని విడివిడిగా ఉండి, ఎనీలింగులో నిదానంగా కలుస్తూ సాగే గుణానికి అనుకూలమైన రేణువులను పెంచుతాయి. నిమిషాలలో ఎనీలింగ్ ముగించే పద్ధతికైతే 700 డిగ్రీల దరిదాపుల్లో చుడతారు. కాయిల్ పైచుట్లు, లోచుట్లు మధ్యభాగం కంటే త్వరగా చల్లారతాయి కనుక రెండు కొసల గుణం మధ్యభాగంతో సమానంగా ఉండకపోవచ్చు. కొసల ముక్కలు చౌకగా దొరుకుతున్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవలసి ఉంటుంది.

రెండవ మజిలీ కోల్డ్ రోలింగ్. ఆమ్లంతో తుక్కు పొర తీసివేసి, వేడి లేకుండానే మందాన్ని 50 నుంచి 80 శాతం వరకు తగ్గిస్తారు. ఇక్కడ రేణువులు అప్పడాల వలె చదునై పొడుగవుతాయి. రేకు బలం రెట్టింపుకు పైగా పెరుగుతుంది, సాగే గుణం దాదాపు పోతుంది. ఈ స్థితిలో ఉన్నదే మార్కెట్టులో ఫుల్ హార్డ్ అని పిలిచే సరుకు.

మూడవ మజిలీ ఎనీలింగ్. 700 డిగ్రీల దరిదాపుల్లో వేడిచేస్తే, నలిగిపోయిన రేణువుల స్థానంలో కొత్త రేణువులు పుడతాయి. బ్యాచ్ పద్ధతిలో కాయిల్సును ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన మూత దించి, లోపల హైడ్రోజన్, నత్రజని వాయువులు నింపి కాలుస్తారు. వేడెక్కి చల్లారేసరికి రెండు, మూడు రోజులు పడుతుంది. నిరంతర పద్ధతిలో రేకు విప్పుకొంటూ కొలిమిలోకి పోయి కొద్ది నిమిషాలలోనే బయటికి వస్తుంది. నిరంతర పద్ధతిలో గుణం కాయిల్ పొడవునా సమానంగా ఉంటుంది. బ్యాచ్ పద్ధతిలో కర్బనం నిదానంగా బయటపడే వ్యవధి ఉంటుంది గనుక మామూలు కిల్డ్ ఉక్కు మెత్తగా వస్తుంది.

ఎనీలింగ్ తరువాత సుమారు 1 శాతం సాగేంత తేలికగా మరొకసారి రోలర్ల మధ్య నడుపుతారు. దీనిని స్కిన్ పాస్ అంటారు. పైభాగానికి తగిన నునుపు రావడం, రేకు చదునుగా ఉండటం దీని కనిపించే ఫలితాలు. ప్రెస్సులో చారలు తేలకుండా చేయడం దీని అసలు ప్రయోజనం.

డి, డి.డి., ఇ.డి.డి. అంటే

వర్తకులు నిత్యం వాడే పాత పేర్లు ఓ, డి, డి.డి., ఇ.డి.డి. అన్నవి ఇప్పుడు ఐ.ఎస్. 513 ప్రమాణంలో సి.ఆర్.1 నుంచి మొదలయ్యే అంకెలుగా మారాయి. సి.ఆర్.1 మామూలు పనులకు, సి.ఆర్.2 డ్రాయింగుకు, సి.ఆర్.3 డీప్ డ్రాయింగుకు, సి.ఆర్.4 అల్యూమినియం కిల్డ్ ఎక్స్‌ట్రా డీప్ డ్రాయింగుకు, సి.ఆర్.5 ఐ.ఎఫ్. ఉక్కుకు వర్తిస్తాయి. పేరు మారినా బేరాలలో పాత పేర్లే నడుస్తున్నాయి. ఆర్డరు కాగితంలో మాత్రం ప్రమాణం పేరు, గ్రేడు, సంవత్సరం స్పష్టంగా రాసుకుంటే తగాదాకు తావుండదు.

వీటిలో ఐ.ఎఫ్. గ్రేడు ప్రత్యేకమైనది. కరిగిన ఉక్కును శూన్యంలో శుద్ధి చేసి కర్బనాన్ని 0.003 శాతం వరకు, అనగా టన్నుకు 30 గ్రాములకు దింపుతారు. మిగిలిన ఆ కొద్దిపాటిని టైటానియం గాని, నయోబియం గాని పట్టి కట్టివేస్తుంది. రేణువుల మధ్య తిరుగాడే కర్బనం, నత్రజని లేకపోవడంతో రేకు ఎంతో మెత్తగా సాగుతుంది. మోటారు కారు పక్క పలకలు, పెట్రోలు టాంకులు ఇటువంటి సరుకుతో చేస్తారు. శూన్య శుద్ధి ఖర్చు, ఖరీదైన ధాతువులు కలిసి దీని ధరను పైకి లాగుతాయి. ఒక బలహీనత కూడా ఉన్నది. రేణువుల సరిహద్దులు మరీ శుభ్రంగా ఉండటంచేత, లోతుగా సాగిన వస్తువుకు చలిలో దెబ్బ తగిలితే సరిహద్దుల వెంట పగలవచ్చు. దీనిని నివారించడానికే బోరాన్ చిటికెడు కలుపుతారు.

స్టీలు బీరువాలు, ఎలక్ట్రికల్ పానెళ్ల పెట్టెలు వంటి పనులలో రేకును వంచడమే గాని లోతుగా సాగదీయడం లేదు. అటువంటి పనులకు ఐ.ఎఫ్. సరుకు అంటగట్టడం కొనుగోలుదారుకు వృథా ఖర్చు. వంపు పనికి సి.ఆర్.1, లోతు పనికి పై గ్రేడులు అన్నది స్థూలమైన సూత్రం.

నిలవలో మారే సరుకు

ధాన్యం, పప్పులు నిలవలో మారతాయని అందరికీ తెలుసు. ఉక్కు రేకు కూడా నిలవలో మారుతుందన్నది చాలామంది పట్టించుకోని సంగతి. రేకులో విడిగా మిగిలిన నత్రజని, కర్బనం రోజులు గడిచిన కొద్దీ మెల్లగా కదలి, రేణువుల లోపలి జారుడు స్థానాలను పట్టి బిగిస్తాయి. స్కిన్ పాస్ వలన వచ్చిన మేలు దీనితో పోతుంది. అటువంటి రేకును ప్రెస్సులో వేస్తే పైభాగాన మెలికల చారలు తేలుతాయి. వేడి పెరిగిన కొద్దీ ఈ మార్పు వేగం పెరుగుతుంది గనుక, రేకుల కప్పు కింద వేసవిలో కాగే గోడౌనులో నిలవ చేసిన సరుకు మరింత త్వరగా గట్టిపడుతుంది.

అల్యూమినియం నత్రజనిని కట్టివేసిన సి.ఆర్.4లో ఈ భయం తక్కువ, ఐ.ఎఫ్. గ్రేడులో దాదాపు లేదు. కింది గ్రేడుల సరుకు పైకి కనిపించే భాగాలకు వాడేదైతే, ముందు వచ్చినది ముందు పంపడం అవసరం. ధర పెరుగుతుందని పాత నిలవను పట్టి ఉంచినవారు, ధర కలిసివచ్చినా ఫిర్యాదులో నష్టపోయే అవకాశం ఉన్నది.

ఇదే గుణాన్ని కొన్ని మిల్లులు ఉపయోగానికి మళ్లించాయి. బేక్ హార్డనింగ్ రేకులో కొద్దిపాటి కర్బనాన్ని కావాలనే విడిగా ఉంచుతారు. రేకు మెత్తగా ప్రెస్సు అయి, తరువాత రంగు కొలిమిలో సుమారు 170 డిగ్రీల వేడికి గట్టిపడుతుంది. కారు తలుపు మీద చిన్న దెబ్బకు సొట్ట పడకుండా ఇది కాపాడుతుంది. ఈ సరుకుకు నిలవ గడువు ఉంటుంది. కనుక తయారీ తేదీ చూడకుండా కొనరాదు.

గాల్వనైజ్డ్ రేకులో రెండు తెగలు

జింకు పూత రేకులలో పొరపాటు మరింత తేలిక. పూత అన్నింటినీ ఒకేలా కనిపింపజేస్తుంది. ఇంటి కప్పులకు వాడే ముడతల రేకులలో చాలా భాగం ఫుల్ హార్డ్ సరుకు. పూత వేసే లైనులో కొత్త రేణువులు పుట్టేంత వేడి తగలనివ్వరు. చదునైన రేణువులు అలాగే ఉండి 550 మెగాపాస్కళ్ల వరకు బలం నిలుస్తుంది. పలుచని రేకు మీద మనిషి నడిచినా నిలవడానికి ఇది తోడ్పడుతుంది. ఎయిర్ కండిషనింగ్ డక్టులకు, బకెట్లకు, ప్రెస్సు పనులకు వాడే సాదా రేకును అదే లైనులో పూర్తిగా మెత్తబరచి, ఆ తరువాత సుమారు 460 డిగ్రీలు ఉండే జింకు తొట్టిలోకి పంపుతారు.

మొదటి తెగ సరుకు చౌకగా దొరికిందని డక్టుల పనికి అమ్మితే, మడత వేసిన చోట రేకు విరుగుతుంది. రెండవ తెగను కప్పుకు వాడితే అడుగు పడిన చోట సొట్ట పడుతుంది. ఐ.ఎస్. 277 ప్రమాణం అని, పూత చదరపు మీటరుకు ఇన్ని గ్రాములు అని మాత్రమే రాసుకుంటే చాలదు. హార్డా, సాఫ్టా అన్నది కూడా రాసుకోవాలి.

బలమైన రేకు: లాభమెక్కడ, చిక్కెక్కడ

ఇటీవలి దశాబ్దాలలో గిరాకీ పెరిగినది హై స్ట్రెంగ్త్ రేకుకు. దీనిలో మొదటి రకం నయోబియం వంటివి 0.02 నుంచి 0.05 శాతం వరకు కలిపి తయారయ్యేది. హాట్ రోలింగులో రేణువు మళ్లీ పెరగకుండా నయోబియం అడ్డుపడుతుంది. చల్లారేసరికి రేణువు చాలా చిన్నదై, దానికి తోడు సన్నని కార్బైడు కణాలు చేరి బలం వస్తుంది. లారీ చాసిస్ భాగాలకు ఇది అనువైనది.

రెండవ రకం డ్యుయల్ ఫేజ్ ఉక్కు. మాంగనీసు 1.5 శాతం పైబడి, అనగా టన్నుకు 15 కిలోలకు మించి ఉంటుంది. ఫెర్రైట్, ఆస్టెనైట్ రెండూ కలిసి ఉండే వేడిలో కొంతసేపు ఉంచి గభాలున చల్లార్చుతారు. మెత్తని ఫెర్రైట్ మధ్యలో గట్టి మార్టెన్సైట్ ద్వీపాల వలె నిలుస్తుంది. ప్రెస్సులో మొదట తేలికగా లొంగి, సాగిన కొద్దీ బిగుసుకొనే గుణం దీనికి ఉన్నది. మూడవ రకం బోరాన్ ఉక్కు. దీనిని 900 డిగ్రీలకు పైగా కాల్చి, నీరు ప్రవహించే చల్లని డై మధ్యనే ఒత్తి చల్లార్చుతారు. రేకంతా మార్టెన్సైట్ అయి సుమారు 1500 మెగాపాస్కళ్ల బలం వస్తుంది. మామూలు మెత్తని రేకుకు లొంగుబాటు బలం 200 మెగాపాస్కళ్ల దరిదాపుల్లోనే ఉంటుందని గుర్తుచేసుకుంటే తేడా తెలుస్తుంది.

ఇక్కడ వర్తకులకు ఉపయోగపడే చిన్న లెక్క ఒకటి ఉన్నది. 1 మి.మీ. రేకు చదరపు మీటరుకు 7.85 కిలోలు తూగుతుంది. టన్నుకు సుమారు 127 చదరపు మీటర్లు వస్తాయి. 0.8 మి.మీ. రేకైతే టన్నుకు సుమారు 159 చదరపు మీటర్లు వస్తాయి. అమ్మేది తూకం మీద, వాడేది వైశాల్యం మీద. బలమైన రేకు వలన 1 మి.మీ. స్థానంలో 0.8 మి.మీ. సరిపోయే పనికి, టన్నుకు 25 శాతం ఎక్కువ ధర పెట్టినా కొనుగోలుదారుకు రేకు ఖర్చు పెరగదు. అంతకంటే తక్కువ తేడాకు దొరికితే అతనికి లాభమే. వర్తకునికి మాత్రం అమ్మే టన్నులు తగ్గుతాయి. కనుక కమీషను టన్ను లెక్కన కాక విలువ లెక్కన కుదుర్చుకోవడం తెలివైన పని.

ఐతే ఈ లెక్క అన్ని పనులకూ వర్తించదు. ధాతువులు కలిపి, వేడి మార్చి బలాన్ని ఎన్ని రెట్లయినా పెంచవచ్చు గాని, వంగకుండా నిలిచే బిగువు ఉక్కులన్నింటికీ దాదాపు ఒక్కటే. చదునైన పలక బిగువు మందం ఘనాన్ని బట్టి ఉంటుంది. 1 మి.మీ.ను 0.8కి తగ్గిస్తే బిగువు సుమారు సగానికి పడిపోతుంది. బీరువా తలుపుకు, బస్సు పక్క రేకుకు హై స్ట్రెంగ్త్ పేరు చెప్పి పలుచని సరుకు అమ్మితే, అది విరగదు గాని తపతపలాడుతుంది. బరువు మోసే భాగాలకు, దెబ్బను తట్టుకొనే భాగాలకు మాత్రమే ఈ మార్పిడి పనికివస్తుంది. అదీగాక బలమైన రేకు వంచిన తరువాత కొంత వెనక్కు తెరుచుకొంటుంది. కోత బ్లేడ్లను, డైలను త్వరగా అరగదీస్తుంది. మెత్తని సరుకుకు అమర్చిన స్లిట్టింగ్ యంత్రంలో దీనిని కోయడానికి పూనుకొనే ముందు యంత్రం శక్తి చూసుకోవాలి.

కొనేటప్పుడు చూడవలసినవి

విశాఖ ఉక్కు కర్మాగారం తయారుచేసేది కడ్డీలు, వైరు రాడ్లు, స్ట్రక్చరల్సు వంటి పొడవు సరుకు. అందువలన తెలుగు ప్రాంతాల మార్కెట్లకు రేకు సరుకు చాలావరకు బయటి రాష్ట్రాల మిల్లుల నుంచి వస్తుంది. చేతులు మారిన కొద్దీ కాయిల్ చరిత్ర చెరిగిపోయే ప్రమాదం ఎక్కువ.

మొదటిది, టెస్ట్ సర్టిఫికెట్ మీది హీట్ నంబరు, కాయిల్ నంబరు కాయిల్ మీది చీటీతో సరిపోవాలి. హీట్ నంబరు రసాయనాన్ని చెబుతుంది. కాయిల్ నంబరు దాని రోలింగు, ఎనీలింగు ఫలితాలను చెబుతుంది. ఒకే హీటులోని రెండు కాయిల్సు ఒకే గుణంతో ఉండాలని లేదు.

రెండవది, స్లిట్టింగు, షీటు కోత చేయించినప్పుడు చీటీ ఒక్క ముక్క మీదనే ఉండిపోయి మిగిలినవి అనాథలవుతాయి. కోసిన ప్రతి కట్ట మీద నంబరు రాయించడానికి అయ్యే ఖర్చు స్వల్పం.

మూడవది, సర్టిఫికెట్‌లో కర్బనం మాత్రమే చూసి ఊరుకోరాదు. లొంగుబాటు బలం, సాగుడు శాతం, తయారీ తేదీ ముఖ్యమైనవి. రేకు ఎనీలింగ్ సరిగా అయినదీ కానిదీ రసాయనం చెప్పదు, ఈ అంకెలే చెబుతాయి.

నాలుగవది, సర్టిఫికెట్ లేని సెకండ్స్ సరుకును డ్రాయింగ్ పనికి అమ్మదలచినప్పుడు పరీక్ష చేయించడం అవసరం. ముక్కను రెండు దిశలలోనూ పూర్తిగా మడిచి చూడటం ఎవరైనా చేయగలరు. ఎరిక్సన్ కప్పు పరీక్షలో బిగించిన రేకును గుండ్రని మొనతో పగులు వచ్చేవరకు లోతుగా నొక్కుతారు. పగిలేసరికి దిగిన లోతును మి.మీ.లలో కొలుస్తారు. ఒకే మందం రేకులను మాత్రమే ఒకదానితో ఒకటి పోల్చాలి. అయస్కాంతం అంటించి చూడటం, గ్రైండరుపై నిప్పురవ్వలు చూడటం వంటివి డి గ్రేడును ఇ.డి.డి. నుంచి వేరు చేయలేవు.

ఐదవది, కొనుగోలుదారును అడగవలసిన మొదటి ప్రశ్న గ్రేడు గురించి కాదు, వస్తువు గురించి. వంచుతారా, లోతుగా సాగదీస్తారా, వెల్డు చేస్తారా, జింకులో ముంచుతారా, పైకి కనిపిస్తుందా, ఎంతకాలం నిలవ ఉంచుతారు అన్నవి తెలిస్తే గ్రేడు దానంతట అదే తేలుతుంది.

రేకు ధరలు పెరుగుతాయి, తగ్గుతాయి. ఆ హెచ్చుతగ్గులు వర్తకుని చేతిలో లేవు. ఏ కాయిల్ ఏ పనికి పోవాలో నిర్ణయించడం మాత్రం అతని చేతిలోనే ఉన్నది. ధర పడిపోయిన రోజున నష్టం ఆ రోజుతో పోతుంది. తప్పు గ్రేడు పంపిన రోజున పోయిన ఖాతాదారు మళ్లీ తిరిగిరాడు.